పిలిస్తే తిరిగిన పడవ

కృష్ణ మీద పడవ నడవాలంటే రెండు జతల కళ్ళు కావాలి. చుక్కాని పట్టినవాడు పోయే ఒడ్డు వైపు చూస్తాడు. తెడ్లు వేసేవాడు ఆ ఒడ్డుకు వీపు పెట్టి, వదిలివచ్చిన ఒడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. అందువల్ల ఆలస్యంగా వచ్చి రేవులో చెయ్యి ఊపే మనిషి మొదట కనబడేది తెడ్డు వాడికే. ముక్త్యాల రేవులో ఈ విషయంగా ఒక శాసనం ఉండేది. పడవ నడి ఏరు దాటకముందు ఎవరైనా ఒడ్డు నుంచి ‘ఓ పడవా’ అని పిలిస్తే వెనక్కి తిప్పి ఎక్కించుకోవాలి. దాటాక పిలిస్తే వినబడనట్టు ఉండవచ్చు. ఈ శాసనాన్ని ఎవరూ రాతి మీద చెక్కలేదు. చెక్కిన శాసనాలకు పట్టే గతి దీనికి పట్టకపోవడానికి బహుశా అదే కారణం.

ప్రేమదాసు పదిహేనో ఏట ఆ రేవులో తెడ్డు పట్టాడు. పట్టిన రోజునే తండ్రి అతనికి ఈ శాసనం చెప్పి, పిలిచిన మనిషిని ఒడ్డున వదిలేసేవాడు గొడ్లు కాసుకోవడం మంచిదని వ్యాఖ్యానం కూడా చెప్పాడు. ప్రేమదాసుకు గొడ్లంటే భయం. కాబట్టి శాసనం అతని ఒంటికి పట్టింది.

వరద తీసి ఏరు తేరుకున్నాక, కార్తికంలో ముక్త్యాలలో పడవ పందెం జరిగేది. చిన్న పడవ, ఒక్క మనిషి, రెండు తెడ్లు. అవతలి ఒడ్డున పాతిన జెండా కర్రను తాకి తిరిగి రావాలి. 1949 నుంచి 1954 దాకా, వరసగా ఆరేళ్ళు ప్రేమదాసే గెలిచాడు. అతను బలవంతుడు కాడు. సన్నగా, పొడుగ్గా, ఎండలో ఆరేసిన కండువాలా ఉండేవాడు. కాని అతని తెడ్డు నీళ్ళలోకి దిగేటప్పుడు చప్పుడు చేసేది కాదు. పందెం చూడడానికి జగ్గయ్యపేట నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన పెద్దలు, అతను గెలవడం చూడడానికి కాక, ఎంత దూరంతో గెలుస్తాడో వాదించుకోవడానికి వచ్చేవారు.

1955లో రేవును వేలం పాటలో పాడుకున్నవాడు బ్రహ్మయ్య. చేతికి వచ్చిన రేవుకు కాస్త ప్రతిష్ఠ కూడా రావాలని ఆయన బెజవాడ నుంచి ఒక అధికారిని పిలిపించి, షామియానా వేయించి, వెండి కప్పు ఒకటి తెప్పించాడు. ఏడు పడవలు బయలుదేరాయి. రేవులో ఒక్క పడవ కూడా మిగల్లేదు. ప్రేమదాసు రెండు పడవల దూరం ముందున్నాడు. నడి ఏరు ఇంకా రాలేదు. అప్పుడు, షామియానాకు ఈ చివర, ఎడ్లబండి దిగిన ఒక పెద్దావిడ నీళ్ళ అంచుకు వచ్చి నిలబడి ‘ఓ పడవా’ అని పిలిచింది.

ఆవిడ పేరు రాఘవమ్మ. యాభై ఎకరాల ఇంటి కోడలు. అవతలి ఒడ్డున కూతురికి నొప్పులు వస్తున్నాయని కబురొస్తే వచ్చింది. ఏట్లో ఏడు పడవలు ఒకే వైపు పోతుండడం ఆవిడకు వింతగా తోచలేదు. పడవలు పోవడానికే కదా ఉన్నది. ఆవిడ గొంతు కృష్ణ వెడల్పుకు కొలత తీసి చేయించినట్టు ఉండేది. ఆ పిలుపు ఏడుగురికీ వినబడింది. ఆరుగురు ఆ క్షణాన పందెగాళ్ళు. ఏడోవాడు మటుకు పడవవాడుగానే ఉండిపోయి, తెడ్డు అడ్డం వేసి పడవ వెనక్కి తిప్పాడు.

షామియానా కింద అధికారి చప్పట్లు కొట్టబోయి ఆగాడు. ఇది కూడా పందెంలో భాగమేమోనని ఆయన పక్కవాళ్ళను అడిగాడట. ప్రేమదాసు రాఘవమ్మను ఎక్కించుకుని, అవతల దింపి, ఎలాగూ వెళ్ళాడు కాబట్టి జెండా కర్రను తాకి, తీరుబడిగా ఏడోవాడుగా తిరిగి వచ్చాడు. ఇక రాఘవమ్మ కూతురికి బిడ్డ పుట్టింది మర్నాడు మధ్యాహ్నం. పందెం అయ్యాక వెళ్ళినా, భోంచేసి వెళ్ళినా, ఒక కునుకు తీసి వెళ్ళినా సరిపోయేదని ముక్త్యాల ఊరు ఊరంతా కూర్చుని లెక్క తేల్చింది. ఆ బిడ్డకు బేబి అని పేరు పెట్టారు. తన తొందరపాటు లేనితనం ఒక మనిషి పరువు తీసిందని ఆ పిల్లకు చాలా ఏళ్ళ దాకా తెలియదు.

బ్రహ్మయ్య కోపం దిగమింగుకునే రకం కాదు.

“ఆరేళ్ళు మగాళ్ళ మీద గెలిచినోడివి, ఒక్క ముసలమ్మకు ఓడిపోయావేంట్రా?” అన్నాడు.

“పిలిచింది గదండీ,” అన్నాడు ప్రేమదాసు.

ఆ మాట అని పడవలో చేరిన నీళ్ళు తోడుకోవడానికి వెళ్ళాడు.

మరుసటి పందెంలో గెలిచి పరువు నిలుపుకుందామంటే, ఆ ఏడు కార్తికానికి వరద తీయక పందెమే జరగలేదు. ఆ పై ఏడు, ఒక వరదలో తెగిన మోకును పట్టుకోబోయి కుడి భుజం జారింది. జగ్గయ్యపేట డాక్టరు దాన్ని మళ్ళీ కూర్చోబెట్టాడుగాని, ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదని చెప్పేశాడు. తెడ్లు పోయాయి. బ్రహ్మయ్య జాలిపడి రేవు పాకలో చీట్లు చింపి ఇచ్చే పని ఇచ్చాడు. అది ఎడమ చేత్తో కూడా చేయవచ్చు. కాని ప్రతి మనిషీ చీటీ అందుకుంటూ, “ఏం ప్రేమదాసూ, ఒకసారి పిలవమంటావా?” అనేవాడు. ఈ హాస్యం కనిపెట్టినవాడు ఎవరోగాని, తర్వాతివాళ్ళందరూ తామే కనిపెట్టినట్టు చెప్పేవారు. ప్రేమదాసు మూడేళ్ళు దాన్ని విన్నాడు. రోజూ పడవ ఏరు దాటేది నాలుగు ఖేవాలు, ఖేవాకు ముప్పై మంది. ఇంటికి వచ్చి అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. భార్య లూర్దమ్మ తిట్టి తినిపించేది.

ఇలా ఉండగా పంచాయతీ సమితులు పుట్టాయి. నందిగామ సమితిలో సాంఘిక విద్యాధికారి అనే ఉద్యోగంలో వరప్రసాదరావు అనే ఆయన ఉండేవాడు. రెడ్డిగూడెం మనిషి. బావిలోకి తొంగిచూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆయన బల్ల మీదికి 1960లో ఒక సర్క్యులరు వచ్చింది. బెజవాడ ఆనకట్ట ఎగువన నీళ్ళు సముద్రంలా నిలబడ్డాయి కాబట్టి, ప్రతి డిసెంబరులో అక్కడ జిల్లా యువజనుల పడవ పందేలు జరుగుతాయి. ప్రతి సమితీ ఒక జట్టును పంపాలి. నలుగురు తెడ్లు, ఒకరు చుక్కాని. డెల్టా సమితుల వాళ్ళకు ఇంటి వెనక కాలవ, కాలవలో పడవ. వాళ్ళు సంతోషించారు. నందిగామ లాంటి మెట్ట సమితుల వాళ్ళకు తాగే నీళ్ళే ఎద్దుబండి మీద వచ్చే ఊళ్ళున్నాయి. దాని మీద జరిగిన సమావేశంలో డెల్టా అధికారి ఒకాయన, మీరు బిందెల పందెం పెట్టుకోండి అన్నాడట. వరప్రసాదరావు మెతక మనిషి. కాని ఆ మాట ఆయనకు రాత్రి భోజనంలో రాయిలా తగిలింది. మర్నాడే బస్సెక్కి ముక్త్యాల వెళ్ళి, ఆరేళ్ళు పందెం గెలిచాడని తాను విన్న మనిషిని, రేవు పాకలో చీట్లు చింపుతుండగా వెతికి పట్టుకున్నాడు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ‘శ్రీ కె. ప్రేమదాసును తాత్కాలిక పడవ శిక్షకునిగా నియమించడమైనది.’ మూడు పందేల్లోగా కప్పు తెస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే పోస్టు రద్దు. ఆ కాగితాన్ని లూర్దమ్మ మేనల్లుడి వరస అయిన స్తెఫను చేత చదివించుకుంది. స్తెఫను ప్రేమదాసు అక్క కొడుకు, ఇరవై ఏళ్ళవాడు, రేవులో తెడ్డు వేసేవాడు. ఆవిడ మొదటి మాటను రెండుసార్లు చదవమంది. ముక్త్యాల మాలపల్లెలో అప్పటిదాకా ఎవరి పేరు ముందూ ‘శ్రీ’ ఉన్నట్టు దాఖలా లేదు. వరప్రసాదరావు అక్కడే ఉన్నాడు. లూర్దమ్మ ఆయన్నే అడిగింది.

“పోస్టు పోతే ఈ శ్రీ కూడా పోద్దాండి, మాకుంటదా?”

ఆయన అబద్ధం చెప్పలేని మనిషి. “పోస్టుతో వచ్చిందమ్మా. పోస్టుతోనే ఉంటుంది,” అన్నాడు.

ప్రేమదాసు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడు పందేలు. ఆ తర్వాత శ్రీ ప్రేమదాసు గారు, లేదా చీట్లు చింపే పాక. మధ్యలో మరో రేవు లేదు.

ముక్త్యాల నుంచి నందిగామకు పడవ ఎడ్లబండి మీద వచ్చింది. దారి పొడుగునా జనం అది ఏ దేవుడి ఊరేగింపని అడిగారు. పరిటాల వైపు నుంచి వచ్చిన ఒక బస్సు డ్రైవరు, మెట్ట మీద పడవ కనబడగానే వరదేమోనని బస్సు ఆపేశాడు. మునేరు పక్కన దాన్ని దింపి, ప్రేమదాసు జట్టు కూర్చాడు. మొదటి తెడ్డు స్తెఫనుది. మిగతా మూడు తెడ్లకు నందిగామ కుర్రాళ్ళు దొరికారు. చుక్కానికి భవానీప్రసాద్ అనే అతను వచ్చాడు. అతని తండ్రి సమితి సభ్యుడు. తమ ఇంటి పిల్లవాడు తెడ్డు వేయడం ఏమిటని ఆయన అడ్డుపడి, వెనక కూర్చుని నలుగురిని నడిపించే పని ఒకటుందని తెలిశాక అనుమతించాడు.

మునేరులో నీళ్ళున్న నెలలు తక్కువ. నీళ్ళు లేనప్పుడు ప్రేమదాసు జట్టును ఇసుకలో కూర్చోబెట్టాడు. బడి నుంచి తెచ్చిన బల్లలు వరసగా వేసి, వెదురు కర్రలకు చెక్కలు కట్టి, నడి ఎండలో నలుగురు ఇసుకను తవ్వుతుంటే, వంతెన మీద బస్సులు నెమ్మదించేవి. మొదటి ఏడు ఈ ఇసుక విద్యే కొంప ముంచింది. వేసవంతా ఎండలో పడివున్న పడవ చెక్కలు ఎండి, అతుకులు విచ్చుకున్నాయి. పై నుంచి కనబడని ఆ జబ్బు బెజవాడ నీళ్ళలో బయటపడింది. మిగతా జట్లు తెడ్లు వేస్తుంటే నందిగామ జట్టు నీళ్ళు తోడింది. ఆఖరి స్థానం. డెల్టా వాళ్ళు బిందెలు బాగా పనికొచ్చాయన్నారు.

రెండో ఏడు, అంటే 1961లో, పడవను వేసవంతా మడుగులో ముంచి ఉంచాడు. కుర్రాళ్ళు కూడా తయారయ్యారు. ప్రేమదాసు బోధన తక్కువ మాటలతో నడిచేది. తెడ్డు దిగితే చప్పుడు రాకూడదు. ఊపిరి ముక్కులోంచి పోవాలి. పక్క పడవను చూసినవాడు పెళ్ళిలో పక్క విస్తరిని చూసినవాడితో సమానం. ఇంతే. పందెంలో నందిగామ పడవ ముందుకు వచ్చింది. సగం దూరం దాటే ముందు, ఏటి మధ్య లంకలో గడ్డి కోసుకునే మనిషి ఒకావిడ, తన పనిమీద తాను, ‘ఓ పడవా’ అని పిలిచింది. స్తెఫను తెడ్డు గాల్లో ఆగిపోయింది. మొదటి తెడ్డు ఆగితే మిగతా మూడూ ఒకదానికొకటి కొట్టుకుంటాయి. మూడో స్థానం.

ఒడ్డున వరప్రసాదరావు తల పట్టుకున్నాడు. ప్రేమదాసు మటుకు మేనల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. అనడానికి అతనికి అర్హత లేదని అతనికే తెలుసు. ఇంటికి వచ్చాక ఆ అర్హత ఉన్న మనిషి అంది. “ఆదివారం పాస్టరుగారు గంట కొట్టి పిలిస్తే కదలవు. ఏట్లో ఎవరు పిలిచినా తిరిగేది మీ వంశమంతానా, నువ్వొక్కడివే అనుకున్నానే,” అంది లూర్దమ్మ.

1962లో సరిహద్దులో యుద్ధం వచ్చి పందేలు ఆగిపోయాయి. దేశానికి కష్టకాలం. శిక్షకుడి పోస్టుకు మటుకు ఒక ఏడు ఆయుష్షు పెరిగింది. ఆ సంగతి పైకి సంతోషంగా చెప్పుకోదగింది కాదు కాబట్టి ప్రేమదాసు ఆ ఏడాదంతా మడుగులో పడవను చూసుకుంటూ గడిపాడు. అతను ఆలోచిస్తున్నాడు. రెండు పందేలు పోయాయి, ఒకటే మిగిలింది. తెడ్డు వేయడం నేర్పగలడు. వెనక్కి తిరగకపోవడం ఎలా నేర్పాలి? అది తను నేర్చుకున్నది కాదు.

చివరికి 1963 వానలు మొదలయ్యాక ముక్త్యాల వెళ్ళి రాఘవమ్మ గారి వాకిట్లో నిలబడ్డాడు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ అతనికి ముఖం చూపించలేక రేవుకు రావడం తగ్గించింది. అతను వచ్చిన సంగతి చెప్పాడు.

“ఒకసారి పిలిచి నీ కొంప తీసా. మళ్ళీ పిలవమంటావా నాయనా?” అంది రాఘవమ్మ.

“ఈసారి నిలబెట్టడానికి అమ్మగారూ. మా కుర్రాళ్ళు మీ గొంతుకు తట్టుకుంటే ఇంకెవరి గొంతుకూ తిరగరు.”

ఆ విధంగా వారానికి రెండు రోజులు రాఘవమ్మ మనవరాలు బేబిని వెంటబెట్టుకుని, గొడుగు వేసుకుని, బస్సులో నందిగామ వచ్చేది. మునేరు ఒడ్డున పీట వేసుకుని కూర్చుని, పడవ మధ్యకు రాగానే పిలిచేది. మొదట్లో ఉత్త పిలుపే. పోను పోను ఆవిడకు రుచి తగిలింది. పాము కరిచిందనేది. కోర్టు వాయిదా అనేది. ఇంటికి నిప్పంటుకుందనేది. ఒకనాడు ఏకంగా తానే పోయాననీ, కబురు చేరవేయాలనీ పిలిచింది. నందిగామలో పనిలేనివాళ్ళంతా ఒడ్డు చేరారు. పదిహేను రోజులు స్తెఫను తెడ్డు ప్రతి పిలుపుకూ ఆగింది. నందిగామ కుర్రాళ్ళకు ఈ జబ్బు లేదు. వాళ్ళు ఎవరినీ దాటించి ఎరుగరు.

ఒక సాయంత్రం స్తెఫను తెడ్డు పడవలో పడేసి ఒడ్డుకు వచ్చాడు.

“మావా, ఇదంతా ఆటే, ఒప్పుకుంటా. నిజంగా ప్రాణం మీదికొచ్చి పిలిచారనుకో. అప్పుడూ చెవిటోళ్ళలాగా పోవాలా?”

రాఘవమ్మ గొడుగు ముడిచింది. పోస్టు, శ్రీ, రేవు పాక, మూడూ ప్రేమదాసు కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. పోవాలిరా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోట్లోంచి రాలేదు.

“పడవలో ఉన్నోడు పందెం చూసుకోవాల,” అన్నాడు చివరికి. “పిలుపు సంగతి ఒడ్డున ఉన్నోడు చూసుకుంటాడు. నేను ఒడ్డునే ఉంటాగా.”

స్తెఫను వెళ్ళి తెడ్డు తీసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి రాఘవమ్మ ఎంత గొంతు చించుకున్నా అతని తెడ్డు ఆగలేదు.

డిసెంబరులో బెజవాడకు అందరూ వెళ్ళారు. జట్టు, వరప్రసాదరావు, లూర్దమ్మ, రాఘవమ్మ, బేబి. ఏటి ఒడ్డున కుర్చీలు వేసి, శిక్షకులందరికీ పేర్లు రాసిన కాగితాలు అంటించారు. ప్రేమదాసు తన కుర్చీ మీద ‘శ్రీ’ ఉన్నదో లేదో చూసుకుని, దాని మీద కూర్చోకుండా నీళ్ళ అంచున నిలబడ్డాడు. రాఘవమ్మ, అలవాటు చొప్పున ఎక్కడ పిలుస్తానోనని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

రెండేళ్ళ కిందటి సంగతి డెల్టా వాళ్ళు మరచిపోలేదు. ఒక సమితికి చెందిన నలుగురు యువకులు (ఊరి పేరు అనవసరం) ముందే లంకలోకి వెళ్ళి, తమను తెచ్చిన పడవను పంపించేసి, గడ్డిలో కూర్చున్నారు. నందిగామ పడవ ఒక మూర ముందున్న సమయం చూసి నలుగురూ ఒక్క గొంతుతో అందుకున్నారు. ‘ఓ పడవా! కడుపునొప్పి, మనిషి పోయేట్టున్నాడు!’ ఒకడు గడ్డిలో పొర్లి చూపించాడు కూడా.

స్తెఫను తెడ్డు చప్పుడు లేకుండా దిగింది, లేచింది, మళ్ళీ దిగింది.

ఒడ్డున ప్రేమదాసు గిరుక్కున తిరిగి రాఘవమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగు తీసి, “ఈసారి నేను కాదు నాయనా,” అంది.

అది విన్నాక అతను పందెం వైపు చూడలేదు. పక్కనే ఒక చేపల పడవ కట్టేసి ఉంది. తాడు విప్పి, మోకాలి లోతులో ఎక్కి, చెవి దాటి లేవని చేత్తోనే తెడ్డు వేసుకుంటూ లంక వైపు సాగాడు. వరప్రసాదరావు గట్టు మీద నుంచి, అదంతా నాటకమండీ, పందెం అయిపోవస్తోందండీ, కప్పు ఇచ్చేటప్పుడు మీరుండాలండీ అని మొత్తుకున్నాడు. నడి ఏరు దాటకముందు పిలిస్తే తిరగాలన్న శాసనం తెలియక, ఆయన వెనక్కి రమ్మని మాత్రం పిలవలేదు. పిలిచివుంటే ప్రేమదాసుకు గొప్ప ధర్మసంకటం వచ్చేది.

ఆ తర్వాత లంకలో జరిగింది ఆ నలుగురిలో ఒకరు చాలా ఏళ్ళకు ఒప్పుకోబట్టి తెలిసింది. పడవ వచ్చి ఆగింది. అందులోంచి తల నెరిసిన మనిషి ఒకడు దిగి, ఆయాసపడుతూ, “ఎవరికండీ బాగాలేంది?” అని అడిగాడు. హాస్యానికి అన్నామని ఆ ముఖం చూసి ఎవరూ చెప్పలేకపోయారు. పొర్లినవాడు పొర్లుతూనే ఉండాల్సి వచ్చింది. ప్రేమదాసు నలుగురినీ ఎక్కించి, ఒడ్డుకు తెచ్చి, రిక్షా పిలిచి, రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, వైద్యం అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడి వాళ్ళు కడుపునొప్పికి పెద్ద గ్లాసుడు ఆముదం పట్టించారు. ఆ యువకుడికి సాయంత్రానికి నిజంగానే బాగాలేకుండా పోయింది.

నందిగామ జట్టు పడవ పొడుగు తేడాతో గెలిచింది. కప్పు ఇచ్చేటప్పుడు శిక్షకుడిని పిలిచారు. మూడుసార్లు పిలిచారు. పిలిస్తే తిరిగే మనిషి ఆ ఒక్కసారి పలకలేదు. స్తెఫను కప్పు తీసుకున్నాడు, ఫొటో తీశారు.

కప్పు వచ్చింది కాబట్టి ఉద్యోగం ఖాయం కావాలి. కాని బహుమతి సభకు గైరుహాజరు అయిన శిక్షకుడు సంజాయిషీ ఇచ్చుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. వరప్రసాదరావు పెద్ద జవాబు తయారుచేసి తెచ్చాడు. మానవసేవ, కర్తవ్యం, ఇంకా ఏవేవో అందులో ఉన్నాయి. ప్రేమదాసు మొత్తం విని, అది తనది కాదన్నాడు. తనది స్తెఫను చేత రాయించాడు. ‘పిలిచారు. జట్టు పడవలో ఉంది. నేను ఒడ్డున ఉన్నా, అందుకని నేను వెళ్ళా.’ లంకకు వెళ్ళొచ్చిన కుడి భుజం ఇంకా కుదుటపడక, కింద ఎడమ చేత్తో సంతకం పెట్టాడు.

ఆ జవాబు ఫైలులో నాలుగు నెలలు తిరిగింది. దాని మీద ఏం రాయాలో ఎవరికీ తోచలేదని వినికిడి. 1964 ఏప్రిల్‌లో ఖాయం చేస్తూ ఉత్తర్వు వచ్చింది. లూర్దమ్మ మొదటి అక్షరం మీద వేలు పెట్టి చూసుకుని, కాగితం బైబిల్లో పెట్టింది.

ఆ కార్తికంలో ముక్త్యాల పందెం మొదలుపెట్టడానికి బ్రహ్మయ్య శుభలేఖ లాంటి ఆహ్వానం అచ్చువేయించి పంపాడు. ‘శ్రీ ప్రేమదాసు గారు’ అని ఉంది. ప్రేమదాసు వెళ్ళి, జెండా ఊపేముందు రేవులో ఒక పడవను విడిగా కట్టేయించాడు. పందెం జరిగే రోజున ఒక పడవ ఒడ్డున ఉండాలన్నది అప్పటి నుంచి అక్కడి రెండో శాసనం.

బెజవాడ ఫొటో నందిగామ సమితి ఆఫీసులో చాలాకాలం ఉంది. కప్పుతో ఐదుగురు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. పక్కన వరప్రసాదరావు నీళ్ళకు వీలైనంత దూరంగా జరిగి ఉంటాడు. మధ్యలో ఒక ఖాళీ కుర్చీ, దాని కింద అచ్చులో ‘శ్రీ కె. ప్రేమదాసు, శిక్షకులు’. వెనక, దూరంగా, నీళ్ళ మీద ఒక చిన్న పడవ ఉందని, అందులో ఐదుగురు ఉన్నారని స్తెఫను చూపించేవాడు. మిగతావాళ్ళకు అది ఫొటో మీద పడిన మరకలా కనబడేది.